దవడలో పశువు పొర

కింద దవడలో పన్ను తీయించుకున్నాక అక్కడ ఎముక కరిగి గుంట పడింది. కొత్త పన్ను బిగించాలంటే ముందు ఎముక పెరగాలంది శ్రీకాకుళంలో పళ్ళ డాక్టరమ్మ. చిగురు కోసి, గుంటలో తెల్లటి పొడి నింపి, దాని మీద ఉల్లిపొరలాంటి ముక్క కప్పి కుట్లు వేసింది.

"చిగురు తొందరగా పెరుగుతుందమ్మా, ఎముక నిదానంగా పెరుగుతుంది. ఈ పొర లేకపోతే ఎముక చోటంతా చిగురే ఆక్రమించేస్తుంది. కొన్ని నెలలకి పొర దానంతటదే కరిగిపోతుంది" అంది. నారుమడి చుట్టూ ముళ్ళకంప కట్టినట్టే కదా అనుకున్నాను.

మూడో రోజున మా కోడలు ఆసుపత్రి కాగితాలు సర్దుతూ ఒకటి చదివి ఆగిపోయింది.

"అత్తా, ఈ పొర పశువు తోల్లోంచి తీసినాదంట. నీకు సెప్పనేదా?"

చెప్పే ఉంటారు. సూది చూసిన భయంలో అన్నిటికీ తలూపాను. సంతకం పెట్టమన్న చోటల్లా పెట్టాను. నా పేరు రాయడం, కూడబలుక్కుని నాలుగు ముక్కలు చదవడం, అంతవరకే నా చదువు.

మా ఇంట్లో దుక్కి దున్నిన ఎద్దు చచ్చిపోతే పసుపు రాసి, కొత్త గుడ్డ కప్పి, అది దున్నిన పొలం గట్టునే పాతిపెడతాం. ఒక్క ఎద్దుకే అలా జరగలేదు. చెవి చీలిన ఎద్దది. ముసలిదై కూలబడితే ఇద్దరు పట్టి లేపాల్సి వచ్చేది. ఇంట్లో కోడలి పురుడు. నావల్ల కాదు, సంతకి తోలెయ్యమని పోరాను. మా ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు తోలుకెళ్ళాడు. సంత నుంచి ముసలి ఎద్దు ఎక్కడికి పోతుందో ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు.

ఆ సంగతి జరిగి ఏళ్ళయింది. ఆ ఎద్దు తోలు ఇప్పుడు నా నోట్లోకి ఎలా వస్తుంది? ఆ మాత్రం లెక్క నాకూ తెలుసు. తెలిసినా నాలుక ఊరుకోదే. కుట్ల మీదకి పోయేది. గంజి మింగుతుంటే చెవి పక్కన నెమరు వేస్తున్న చప్పుడయ్యేది. దేవుడి దగ్గర దీపం పెట్టడానికి చేయి రాలేదు. కుట్లు విప్పే రోజున దాన్ని తీయించేస్తానని తేల్చి చెప్పేశాను.

"నోట్లో ఎద్దున్నాదని రేప్పొద్దున్న నీకు గడ్డెయ్యాలేటే?" అని నవ్వాడు మా ఆయన. నేను ఏడ్చాను. అతను నవ్వు ఆపేశాడు. అరుగు మీద పేనుతున్న తాడు పక్కన పెట్టాడు.

"నీకో మాట సెప్పనేదే" అన్నాడు. "అమ్మేసిన మర్నాడు అది ఒచ్చీసింది."

"ఏటి మావా?"

"ఎలా తెంపుకొచ్చినాదో. నువ్వు కోడలికి మందులు తేడానికి కోటబొమ్మాళి ఎల్లినావు. మద్దేన్నం సూత్తే కుడితితొట్టి కాడ నిలబడున్నాది. మోకాళ్ళంతా రకతం."

"మరి?"

"అదెల్లగానే నువ్వు తొట్టి బోర్లించీసినావు కదే. కుంటుకుంటూ దాని సుట్టూ తిరుగుతన్నాది."

"మరేటి సేసేవు?"

"నువ్వొచ్చి సూత్తే మల్లీ గొడవని, కొన్నోలు రాకముందే నానే మల్లీ తోలుకెల్లి అప్పసెప్పీసేను."

"కుడితైనా పెట్టేవా?"

మా ఆయన మళ్ళీ తాడు చేతిలోకి తీసుకున్నాడు.

పదో రోజున డాక్టరమ్మ కుట్లు విప్పింది. బాగా మానుతోందంది. నేను అడగబోయింది కోడలే అడిగేసింది. "మా అత్త ఆ పొర వద్దంటన్నాది. తీసీగలరేటండీ?"

"తీయొచ్చు. కానీ పొడి కూడా వచ్చేస్తుంది, మళ్ళీ మొదటికొస్తాం" అని డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "ఏం చేయమంటారమ్మా?"

నాకు బోర్లించిన తొట్టే, దాని చుట్టూ తిరుగుతున్న ఎద్దే కనబడుతోంది.

"ఉండనీయండి" అన్నాను.

ఆ సాయంత్రం దీపం పెట్టాను. ఆ తర్వాత నెలల తరబడి రోజూ నాలుకతో అక్కడ తడిమి చూసుకునేదాన్ని. మెత్తగా ఉన్నన్నాళ్ళూ పొర ఉందనుకునేదాన్ని. ఒకరోజు తడిమితే రాయిలా గట్టిగా తగిలింది. ఎక్సరే తీసి, ఎముక బాగా కట్టింది, మీ సొంత ఎముకే అంది డాక్టరమ్మ. ఆ పొర ఏ రోజున పోయిందని అడిగితే, అది ఎవరూ చెప్పలేరమ్మా అంది.