దొరసాని పెరంబూరు ప్రయాణం

పెంబర్టన్ హోటల్లో దొరసాని దయ్యాన్ని చూడని మనిషి ఒక్క గోపాలస్వామే. దానికి సబబైన కారణం ఉంది. ఆమెను కల్పించింది అతనే.

మద్రాసులో సాంథోమ్ దాటాక సముద్రానికి ఎదురుగా, ఉప్పుగాలికి పెచ్చులూడుతూ, ఏటేటా సున్నం పూయించుకుంటూ నిలబడ్డ ఆ హోటల్లో అతను ముప్పై నాలుగేళ్లుగా గదులు సర్దుతున్నాడు. చేరినప్పుడు రూమ్ బాయ్. ఇప్పుడు రూమ్ బాయ్‌లందరికీ పెద్ద. మధ్యలో అతనికి దక్కిన పదోన్నతుల్లో ముఖ్యమైనది మీసం నెరవడం. ఇంకో మూడు నెలల్లో రిటైరవుతాడు. అయ్యాక ఏం చెయ్యాలో కూడా తీర్మానించుకున్నాడు. పెరంబూరు ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కిటికీ పక్కన, రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన తండ్రి చేయించిన టేకు పడక్కుర్చీ వేసుకుని, మధ్యాహ్నం అన్నం తినగానే నిద్రపోవాలి. మనిషికి ఇంతకన్నా గొప్ప ఆశయాలు ఉండొచ్చు. అయితే గోపాలస్వామి బతుకు దారి తప్పింది సరిగ్గా ఈ మధ్యాహ్నపు నిద్ర దగ్గరే.

ఉద్యోగంలో చేరిన ఏడు. అప్పుడతనికి కొత్తగా పెళ్లయింది. తెల్లవారుజామున లేచి రైలు పట్టుకుని డ్యూటీకి వచ్చేవాడు. ఒకరోజు మేడమీద మూలనున్న పద్నాలుగో గదిలో దుప్పటి మార్చాడు. ఎదురుగా సముద్రం, పైన ఫ్యాను, కింద ఇస్త్రీ మడతలతో చల్లటి దుప్పటి. రెండు నిమిషాలు నడుం వాల్చాడు. ఆ రెండు నిమిషాలు గంటన్నర నడిచాయి. వరండాలో తాళాల గుత్తి చప్పుడు వినబడి దిగ్గున లేచాడు గానీ, దూదిపరుపులో పడ్డ గుంట మాత్రం అతనితోపాటు లేవలేదు.

వచ్చింది సూపర్వైజరు కన్నియప్పన్. దుప్పటి మీద ముడతను నీతిలో లోపంగా భావించే మనిషి. గుంటను చూశాడు. "ఎవడ్రా పడుకున్నది?" అని అరవంలో గర్జించాడు.

గోపాలస్వామి చూపు కిటికీ మీదికి పోయింది. నోరు దానంతటది తెరుచుకుంది.

"దొరసాని సార్. తెల్లగౌను. పొడుగ్గా, సన్నంగా ఉండాది. కిటికీలోంచి సముద్రం చూస్తా ఉన్నింది. నేను రాగానే లేదు."

కన్నియప్పన్ గుంటను చూశాడు, కిటికీని చూశాడు, తన హోదాకు తగిన గాంభీర్యంతో వెనక్కి తిరిగాడు. మెట్లు మాత్రం రెండేసి చొప్పున దిగాడు. సాయంత్రానికల్లా ఆయన కూడా దొరసానిని చూసినవాడైపోయాడు.

తర్వాత ఆమె ఎదుగుదలకు హోటలంతా చెయ్యి వేసింది. ఆమె పాదాలు తడిగా ఉంటాయని వంటవాళ్లు చెప్పారు. ప్రియుడి ఓడ తిరిగి రాక, ఎదురు చూసి చూసి ప్రాణం విడిచిందని చాకలి విభాగం తేల్చింది. మిస్ ఎలినార్ అని గేటు దగ్గరి కాపలావాడు పేరు పెట్టాడు. ఆ పేరు అతనికెలా తెలిసిందని అడిగినవాడు లేడు. అబద్ధం చెప్పింది ఒక్కడు, సాక్షులు వందమంది. ఆ గదిని అద్దెకివ్వడం మానేశారు. దుప్పటి మాత్రం రోజూ మార్చాలన్నారు. మార్చేది గోపాలస్వామి.

అంటే సముద్రం ఎదురుగా ఉన్న గది ప్రతి మధ్యాహ్నం అతని ఒక్కడిదే. కానీ ఆ రోజు నుంచి అక్కడ అతనికి కన్నంటలేదు. పడుకుంటే కిటికీ వైపు వీపు పెట్టలేడు. కిటికీ వైపు తిరిగితే కళ్లు మూయలేడు. మంచం అంచున కూర్చుని కాలు ఆడించడం అప్పుడే అలవాటైంది. ఆ కాలు ఇప్పటికీ ఆగలేదు. రైల్లో పక్కన కూర్చున్నవాళ్లు బండి కదిలిందనుకుంటారు.

భార్య కస్తూరికైనా నిజం చెప్పాల్సింది. అక్క కూతురే, చిన్నప్పటినుంచీ ఎరిగిన మనిషే. కానీ చెప్పింది కథే. నవ్వుతుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు.

"పెండ్లి కాలేదా మామా ఆమెకు?"

"కాలేదంట."

"అయినోళ్లు ఎవురూ లేరా ఈడ?"

"ఎవురుంటారు? సముద్రం ఉండాది."

కస్తూరి ఆ మాట లోపల దాచుకుంది. రెండేళ్ల కూతురు జననికి తొమ్మిది రోజులు జ్వరం విడవనప్పుడు బయటికి తీసింది. పసుపుగుడ్డలో రూపాయి ముడుపు కట్టి, "దిక్కులేని ఆడకూతురివి. నిన్ను మా ఇంటి పేరంటాలుగా పెట్టుకుంటా. నా బిడ్డను వదిలిపెట్టు," అని మొక్కింది. పెళ్లి కాకుండానో ముత్తైదువగానో పోయిన ఇంటి ఆడపడుచును పేరంటాలుగా తలచి, ఏటా కొత్తబట్ట పెట్టి మొక్కడం వాళ్ల ఇళ్లల్లో మామూలే. ఇంగ్లీషు దొరసానికి పెట్టడం మాత్రం వాళ్ల వంశంలో అదే మొదలు. సాయంత్రానికి జ్వరం జారింది. డాక్టరు మందు మార్చి అప్పటికి రెండు రోజులైందన్న సంగతి గోపాలస్వామి ఒక్కడికే గుర్తొచ్చింది. ఆ గుర్తును మింగేశాడు.

అరవవాళ్ల ఆషాఢమైన ఆడి మాసంలో శుక్రవారం వచ్చింది. బట్ట పెట్టాలి. పురసవాక్కంలో బట్టలకొట్టు మెట్లెక్కాక కస్తూరికి అనుమానం తగిలింది.

"మామా, దొరసాని చీర కడతాదా?"

"ఎట్లా కడతాది? గౌను గదా."

గౌను అడిగితే కొట్టువాడు నైటీలు పరిచాడు. సైజు ఎంతన్నాడు. కస్తూరి భర్త వైపు తిరిగింది. "చూసినోడివి నువ్వే గదా, చెప్పు." ఆ క్షణాన గోపాలస్వామి, తను పుట్టించిన మనిషికి కొలతలు కూడా ఇచ్చుకోవలసి వచ్చింది. "పొడుగు మనిషి," అన్నాడు నేల చూస్తూ.

పేరంటాలుకు పెట్టిన బట్టను పూజయ్యాక ఇంటి ఇల్లాలు కట్టుకోవాలి. కస్తూరి పొట్టి. అలా ముప్పై ఏళ్లుగా ఏటా ఒక పొడుగాటి నైటీని అడుగున జానెడు మడిచి కుట్టుకుని తొడుక్కుంటోంది. ఆ కుట్టు చూసినప్పుడల్లా గోపాలస్వామి కాలు ఇంకాస్త వేగం అందుకునేది. దొరసానిని కొంచెం పొట్టిగా చెప్పి ఉంటే ఏం పోయేది?

ఈ ఏడు హోటలు కొత్త యాజమాన్యం చేతికి వచ్చింది. విజయవాడ నుంచి వచ్చిన హైందవి అనే అమ్మాయి మేనేజరైంది. ఆమె ఒక సోమవారం అతన్ని ఆఫీసుకు పిలిచింది.

"గోపాలస్వామి గారూ, కూర్చోండి. పద్నాలుగు తెరుస్తున్నామండీ. శుక్రవారం పదింటికి శాంతిహోమం. మైలాపూరు నుంచి పురోహితులు వస్తారు. ఆమెను పంపించేసి, గది బాగుచేయించి అద్దెకిచ్చేద్దాం. ఇక్కడ అందరికన్నా పాతవారు మీరే కదా, దగ్గరుండి జరిపించాలి."

గోపాలస్వామి కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. ముప్పై నాలుగేళ్ల బరువు గొంతుదాకా వచ్చింది. ఈ పిల్లకైనా చెప్పేస్తే హోమం ఖర్చు మిగులుతుంది, పాపమూ పోతుంది.

"మేడం, ఆడ దయ్యం గియ్యం ఏమీ లేదు. అప్పుడు నేనే నిద్రపోయి..."

హైందవి మెత్తగా నవ్వింది. "మీరు నన్ను భయపెట్టకూడదనుకుంటున్నారు. థాంక్సండీ. కానీ మొన్న పౌర్ణమికి నేనే చూశాను. పొడుగ్గా, సన్నగా ఉంది కదూ?"

నిజం చెబితే నమ్మేవాళ్లు లేరని తెలిశాక మనిషికి ఒంటరితనం కూడా వేరే రకంగా ఉంటుంది. అతను "అవును మేడం" అని వచ్చేశాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర నోరు జారాడు. కస్తూరి గరిటె గిన్నెలోనే ఆగిపోయింది.

"తరిమేస్తారా? మన పేరంటాలును?"

"వాళ్ల హోటలు గదే."

"బిడ్డను నిలబెట్టిన తల్లి. ఆమె పోతే ఎక్కడికి పోతాది? ఎవురుండారు ఆమెకు?" కస్తూరి కళ్లు నీళ్లతో నిండాయి. ఆ వెంటనే తేరుకుని, కూతుళ్ల పెళ్లిళ్లు కుదిర్చే గొంతుతో అంది. "నువ్వు ఈడికి పిల్చుకొనిరా."

"ఎవుర్ని?"

"ఆమెనే. చెంబులో నీళ్లు పోసి పసుపు కుంకుమ, వేపరెమ్మ వేసి పిల్చు. వస్తాది. హోమం కాకముందే."

"కస్తూరీ, ఒక మాట చెప్పాల నీకు..."

"వచ్చినాక చెప్పు."

"దొరసానికి తెలుగు రాదే!"

"ముప్పై ఏండ్లుగా మన నైటీ తీసుకుంటా ఉండాది. రాకేమి?"

కస్తూరి నిబంధనలు చెప్పింది. చెంబు నేల మీద పెట్టకూడదు. మలుపు వచ్చినప్పుడల్లా ఎటు పోతున్నామో ఆమెకు చెప్పాలి. టికెట్లు రెండు తీసుకోవాలి. వెనక్కి చూడకూడదు. చివరిది గోపాలస్వామికి సులువే. అతను ముప్పై నాలుగేళ్లుగా అదే సాధన చేస్తున్నాడు.

మూడు రోజులు అతను నిలిచిన చోట నిలవలేదు. శుక్రవారం ఎనిమిదిన్నరకు ఇత్తడి చెంబుతో పద్నాలుగో గదిలోకి వెళ్లేసరికి ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నాడు. చెంబు తీసుకుని బయల్దేరాలి, దారిలో నీళ్లు పారబోయాలి, ఇంటికి పోయి కస్తూరికి అంతా చెప్పాలి. మూడు నెలల్లో పడక్కుర్చీలో పడుకోబోయే మనిషికి ఈ బరువు గుండెల మీద ఉంటే నిద్ర ఎలా పడుతుంది?

మంచం, కిటికీ, సముద్రం. దుప్పటి నిన్న తనే మార్చాడు. చేతులు జోడించి ఏమనాలో తెలియక నిలబడ్డాడు. చివరికి నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"దిస్ వే మేడం."

తలుపు తెరిచి పట్టుకున్నాడు. గెస్టు బయటికి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆగాడు. మెట్ల దగ్గర "జాగ్రత్త మేడం, మూడో మెట్టు వదులు," అన్నాడు. కింద హైందవి ఎదురైంది.

"ఎక్కడికండీ? పదింటికి పూజ కదా!"

"ఒక గెస్టును స్టేషన్ దాకా దింపాల మేడం."

మైలాపూరు స్టేషన్లో రెండు టికెట్లు తీసుకున్నాడు. బండి ఖాళీగానే ఉంది. ఒళ్లో చెంబు పెట్టుకుని, పక్క సీటు వైపు చూడకుండా కూర్చున్నాడు. చెంబు తొణకకుండా ఉండాలంటే కాలు ఆడించకూడదు. కాలు ఆపడానికి రెండు చేతులతో మోకాలు నొక్కాలి. రెండు చేతులూ చెంబు మీద ఉన్నాయి. ఈ చిక్కుతోనే బీచ్ స్టేషన్ వచ్చింది.

అక్కడ బండి మారాలి. ప్లాట్‌ఫారం చివర కుళాయి ఉంది. పారబోయడానికి అనువైన చోటు. గోపాలస్వామి కుళాయి కిందికి చెంబు వంచాడు.

"అయ్యయ్యో, ఏం చేస్తా ఉండారు?" పక్కన సీసాలో నీళ్లు పట్టుకున్న, చేపలమ్ముకునే చెంగమ్మ, తెలుగు మనిషే, బుట్ట నెత్తిన పెట్టుకోబోతూ ఆగింది. చెంబు అంచున పసుపు, లోపల తేలే వేపరెమ్మ చూసింది. ఆమెకు విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. "ఎవుర్ని తీసుకుపోతా ఉండారన్నా?"

గోపాలస్వామి నోరు తెరిచాడు. ఎవరూ లేరు అనాలి. రెండు మాటలు. అడిగింది పరాయి మనిషి, మళ్లీ కనబడదు, నమ్మినా నమ్మకపోయినా నష్టం లేదు. నిజం చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు దేవుడు కూడా ఏర్పాటు చెయ్యలేడు.

"ఇంటి ఆడపడుచు," అన్నాడు.

"ఎట్లా పోయినాది పాపం?"

"ఎదురుచూసి."

చెంగమ్మ కొప్పులోంచి మూర మల్లెల్లో జానెడు తెంపి చెంబు మెడకు చుట్టింది. "సల్లంగా చూసుకోండన్నా," అని బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. గోపాలస్వామి పూలున్న చెంబును పట్టుకుని నిలబడ్డాడు. పారబోయడానికి చెయ్యి వంగలేదు. జనని జ్వరం గుర్తొచ్చింది. తొమ్మిదో రోజు సాయంత్రం పసిదాని నుదురు చల్లబడ్డప్పుడు కస్తూరి ముఖం గుర్తొచ్చింది. ఆ ముఖానికి, డాక్టరు మందు మార్చాడని చెప్పాలి. ముప్పై నైటీలు విప్పి కుట్లు తీసెయ్యాలి.

పెరంబూరు బండి వచ్చింది. "ఇటు మేడం, ఎడం పక్కకు," అన్నాడు. ఈసారి ఎవరైనా వింటారేమోనని చూసుకోలేదు. బండి నిండుగా ఉంది. కిటికీ పక్క సీటు దొరికింది. దాన్ని వదిలేసి అతను రెండో సీటులో కూర్చున్నాడు. రాయపురం దగ్గర టై కట్టుకున్న ఒకాయన ఆ ఖాళీ చూసి వంగాడు.

"ఆళ్ ఇరుక్కు," అన్నాడు గోపాలస్వామి. మనిషి ఉన్నారని.

ఆయన కిటికీని చూశాడు, చెంబును చూశాడు, మల్లెల్ని చూశాడు. మర్యాదగా కొంచెం జరిగి నిలబడ్డాడు. పెరంబూరు వరకు ఎవరూ అక్కడ కూర్చోలేదు.

గుమ్మంలో కస్తూరి హారతిపళ్లెంతో నిలబడి ఉంది. ఈ ఏడు పెట్టిన నైటీ చేతి మీద మడిచి ఉంది, ఇంకా కుట్టు వెయ్యనిది.

"వచ్చిందా మామా?"

ముప్పై నాలుగేళ్లుగా చెప్పాలనుకున్నది చెప్పడానికి ఇదే సమయం. దొరసానే లేదు అనొచ్చు. రాలేదు అని కూడా అనొచ్చు, అది ఇంకో అబద్ధం. గోపాలస్వామి పక్కకు తప్పుకుని, వెనక వచ్చిన మనిషికి దారి ఇచ్చాడు.

"వచ్చింది," అన్నాడు. "రైల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టినా."

కస్తూరి ఇద్దరికీ హారతి తిప్పింది.

భోజనాల వేళ హైందవి ఫోను చేసింది. గొంతులో అయోమయం. హోమం మొదలుపెట్టబోయి పురోహితుడు ఆపేశాడట. గది ఖాళీగా ఉంది, ఎవరో ముందే తీసుకుపోయారు అన్నాడట. "మీకేమైనా తెలుసా అండీ?" అని అడిగింది. చెక్ అవుట్ అయిపోయింది మేడం అన్నాడు గోపాలస్వామి.

ఫోను పెట్టేసరికి ఆవులింత వచ్చింది. ముప్పై నాలుగేళ్ల తర్వాత వచ్చిన నిఖార్సైన మధ్యాహ్నపు ఆవులింత. కాలు ఆడటంలేదని అప్పుడు గమనించాడు. కిటికీ దగ్గరికి నడిచాడు. టేకు పడక్కుర్చీ తుడిచి ఉంది. దాని మీద కొత్త నైటీ పరిచి ఉంది. దాని మీద చెంబు, చెంబుకు మల్లెలు.

"ఆడ కూర్చోవద్దు మామా," వంటింట్లోంచి కస్తూరి కేకేసింది. "ఆ కిటికీ ఇంక ఆమెది. సముద్రం లేకపోయినా రైళ్లన్నా చూసుకుంటాది."

గోపాలస్వామి కాసేపు కుర్చీనే చూశాడు. ఇంకో కుర్చీ ఉందేమోనని ఇల్లంతా చూశాడు. తర్వాత గుమ్మం దగ్గర, గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. కాలు మళ్లీ మొదలైంది.