‘చాలండీ’ అన్న పాపానికి

ఆ రోజుల్లో మా వైపు కుర్రాళ్లకి మర్యాదంటే ఒకటే, వడ్డించేవాళ్లని ‘వద్దు, వద్దు’ అనడం. వద్దన్నా వెయ్యడం వాళ్ల వంతు, ‘అయ్యో, ఎందుకండీ’ అంటూ ఆకు ఊడ్చెయ్యడం మన వంతు. ఈ ఒప్పందం మా పామర్రు దాటితే చెల్లదని నాకెవరూ చెప్పలేదు.

అప్పటికి నేను వన్ టౌన్‌లో ఒక బట్టల కొట్టులో ఉద్యోగానికి కొత్త. మంగళగిరి సంబంధం ఒకటొచ్చింది. ఫొటో చూసిన దగ్గర్నుంచీ నేను మనిషిని కాను (ఈ సంగతి ఇంట్లో ఇప్పటికీ ఒప్పుకోను). పెళ్లిచూపులకి ముందే పిల్ల అన్నయ్య, కాలేజీ లెక్చరర్‌గారు, ఫోన్ చేసి “ఆదివారం కొండపల్లి కొండెక్కుదాం రండి, పైన ఎక్కినవాళ్లకి అన్నం పెట్టే ఒక మామ్మగారున్నారు, ఆవిడ పాకలో భోంచేద్దాం” అన్నారు. ఇది పరీక్షేనని అమ్మ కనిపెట్టేసింది. “ఆబగా తినమాక. తిండిపోతనుకుంటారు” అని మరీ మరీ చెప్పి పంపింది.

పొద్దున తాగిన కాఫీ నీళ్లతోనే, కొత్త బూట్లతో రెండు గంటలు ఎక్కాను. ఆయన చకచకా ముందు నడుస్తుంటే, నేను ప్రతి బండ దగ్గరా ఆగి “వ్యూ బాగుందండీ” అంటూ ఊపిరి తీసుకున్నాను. పాకలో విస్తరాకు, పొగలు కక్కే అన్నం, ముద్దపప్పు, గోంగూర పచ్చడి, మజ్జిగ. అంతే. మామ్మగారు ఒక్క హస్తం అన్నం వెయ్యగానే నా చెయ్యి దానంతటదే అడ్డం వెళ్లింది. “చాలండీ, చాలండీ!” ఆవిడ “సరే బాబూ” అని గిన్నె ఎత్తుకుని పక్కాకు దగ్గరికి వెళ్లిపోయారు! బియ్యం, నీళ్లు కింద నుంచి మోసుకురావాలిట, అందుకని చాలన్నవాడికి మళ్లీ మెతుకు వెయ్యరట. లెక్చరర్‌గారు మూడుసార్లు వేయించుకుని, “మీరు బొత్తిగా తినరండీ” అన్నారు. “అబ్బే, నాకింతేనండీ” అని నవ్వాను. ఏడుపొక్కటే తక్కువ.

ఇక తట్టుకోలేక, చెయ్యి కడుక్కునే వంకతో వెనకవైపు వంటింటి గుమ్మంలోకి వెళ్లాను. “మామ్మగారూ, ఇందాక అబద్ధం చెప్పానండీ. ఆకలేస్తందండీ.” ఆవిడ ఎగాదిగా చూసి, “ఆ ముక్క ఆకు దగ్గరే అనొచ్చుగా నాయనా” అని పీట వాల్చారు. గిన్నె అడుగున మిగిలిన అన్నంలో గోంగూర కలుపుకుని నాలుగో ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో, గుమ్మంలో లెక్చరర్‌గారు! సంబంధం పోయిందనుకున్నాను. మింగలేను, మాట్లాడలేను.

ఆయన నవ్వలేదు. వచ్చి పక్కన చతికిలబడ్డారు. “మా చెల్లీ ఇంతేనండీ. ఎవరింటికెళ్లినా చాలు చాలంటది, ఇంటికొచ్చి ఆకలని ఏడుస్తది. మీరూ అదే రకమైతే ఇద్దరూ ఒకరికొకరు చాలు చాలనుకుంటా పస్తులుంటారేమోనని ఇందాకట్నుంచీ ఒకటే బెంగ. ఫర్లేదు, మీకు అడగటం వచ్చు.” అని లోపలికి తిరిగి, “మామ్మగారూ, బావగారికి ఇంకాస్త వడ్డించండి” అన్నారు.

ఆ ముద్ద ఎలా మింగానో నాకిప్పటికీ గుర్తు లేదు. ఆ కొండ పక్కనుంచి ఎప్పుడు వెళ్లినా, బుగ్గనిండా అన్నంతో, ‘బావగారు’ అంటే తనేనని ఇంకా నమ్మలేక బిక్కమొహం వేసుకు కూర్చున్న ఆ కుర్రాడు కళ్లముందు మెదులుతాడు. వాడంటే నాకు ఎంత ముద్దో!