నత్తల మీద ఎర్రచుక్కలు

ఆమె పరిశోధన నత్తల మీద. ఏ నత్త ఎంత దూరం పోతుందో తెలుసుకోవడానికి బడి తోటలో వాటి గుల్లల మీద ఎర్రరంగు చుక్కలు పెట్టింది. అదే బడిలో పిల్లలకు, చిన్న ప్రాణులను కాపాడాలని పాఠాలూ చెప్పేది.

"ముందు ఆ పీహెచ్‌డీ గట్టెక్కించవే, పాఠాలు తర్వాత చెబుదువుగాని" అనేది వాళ్ళమ్మ.

ఒక సోమవారం చూస్తే ఒక్క నత్త మీదా చుక్క లేదు. నెలల కష్టం గంగలో కలిసింది.

"ఎవరు చేశారిది?" అని క్లాసులోకి వచ్చి అరిచింది.

అందరూ గర్వంగా చేతులెత్తారు. "మేమే అక్కా! పాపం, ఎవరో రంగు పూసేశారు. పాత బ్రష్షులతో మెల్లగా తోమాం."

కోపం గొంతులోనే కరిగిపోయింది.

సాయంత్రం గైడు తల పట్టుకున్నాడు. "ఇప్పుడేం చేస్తావమ్మా?"

"మళ్ళీ మొదలెడతాను సార్. ఈసారి చుక్కలు వాళ్ళచేతే పెట్టిస్తా. ఎవరు చెరుపుతారో చూస్తా!"