మోపిదేవి హుండీలో నా కంప్యూటర్ చిప్

మోపిదేవి సుబ్రహ్మణ్య స్వామి దగ్గర ప్రస్తుతం నా కంప్యూటర్ చిప్ ఉంది. ఆయనకు ఇవ్వాల్సిన వెండి పడగ నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. ఇద్దరికీ నష్టమే. ఎలా జరిగిందో చెప్తాను వినండి. విన్నాక నవ్వొస్తే నవ్వండి గానీ, "వయసు కదండీ, మతిమరుపు" అని మాత్రం ఎవరూ అనకండి. ఆ మాట నిన్నటినుంచి నాకు నేనే అనుకుంటున్నాను. మళ్ళీ మీరు కూడా ఎందుకు?

ముందు ఆ చిప్ సంగతి. మా ఆయన ఉన్న రోజుల్లో బందరులో టైపింగ్ సెంటర్ నడిపేవారు. అప్పటి కంప్యూటర్లకు తెలుగు రాదు. తెర మీద తెలుగు అక్షరం కనబడాలంటే లోపల ఒక పచ్చటి కార్డు గుచ్చాలి. నేను బడికి వెళ్ళి చదివింది అయిదో తరగతి. మిగతాదంతా లైబ్రరీ పుస్తకాలు, పొట్లాలు కట్టిన కాగితాలు. అయినా ఆ కీబోర్డు పట్టుబడింది. గిరాకీ లేనప్పుడల్లా మా అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, ఆవిడ పాడే ఊడ్పు పాటలు కంప్యూటర్లోకి ఎక్కించాను. నాట్లు వేస్తూ పాడే పాటలు. ఆవిడ ఒక చరణం పాడేది, నేను ఒక్క వేలితో కొట్టేదాన్ని. "ఇంకా అవలేదుటే? ఈపాటికి ఎకరం నాటేసేదాన్ని" అని విసుక్కునేది.

అమ్మ పోయింది. ప్రింటు తీసిన కాగితాలు చెదలు తిన్నాయి. ఫరవాలేదు, పాటలన్నీ నాకు నోటికొచ్చు అనుకున్నాను. మొన్న నాట్ల రోజుల్లో "ఆకుమడిలో పుట్టావు, అవతలి చేలో ఎదిగావు" అని తీస్తూ తీస్తూ మూడో చరణం దగ్గర ఆగిపోయాను. రాలేదు. అన్నం తింటూ ప్రయత్నించాను. పడుకుని ప్రయత్నించాను. ఊహూఁ. సరే, మూలనున్న కంప్యూటర్ దుప్పటి తీసి ఆన్ చేశాను. తెరంతా నలుపు! లోపల డిస్కు మాత్రం గుర్రుగుర్రుమని తిరుగుతోంది. పాట లోపల ఉంది. నాకే కనబడదు. ఒళ్ళు మండదూ?

"పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి వదినగారూ, అందరూ అంతేగా" అంది మా మరదలు సుశీల. మా తమ్ముడి భార్య. పక్క వీధిలోనే ఉంటుంది, సలహాలకు ఎప్పుడూ కొరత లేదు. ఎక్కించాం. కొత్త కంప్యూటర్లో తెరిస్తే మా అమ్మ పాటంతా చుక్కలు, గీతలు, డాలర్ గుర్తులు! ఆ అక్షరాలు తెలిసింది ఆ పచ్చ కార్డుకొక్కదానికే.

కార్డు ఊడదీయించి, పాత చీరలో చుట్టుకుని గుడివాడ తీసుకెళ్ళాను. అక్కడ సాంబశివరావు గారని పాత టీవీల మెకానిక్ ఉన్నారు. ఆయన కార్డుకు కరెంటు పెట్టి, "ఇదిగో, ఇక్కడ వేలు పెట్టండి" అన్నారు. పెట్టాను. పెనం మీద పెట్టినట్టు చుర్రుమంది.

"ఇదండీ మీ రోగి. ఈ చిప్. నంబరు అరవై ఎనిమిది నలభై అయిదు. తెర మీద బొమ్మ నిలబెట్టేది ఇదే. కొత్తది దొరికితే మార్చెయ్యొచ్చు. దొరకాలిగా!"

దొరకలేదు. బందరులో కంప్యూటర్ల షాపుకెళ్ళి చిప్ వీపు మీద నంబరు చూపిస్తే, కౌంటర్లో అబ్బాయి ఫోన్లోంచి తల కూడా ఎత్తకుండా, "మ్యూజియంలో అడగండి మామ్మగారూ" అన్నాడు. మ్యూజియం అన్నందుకు కాదు, మామ్మగారూ అన్నందుకు ఇప్పటికీ మండుతోంది. ఆన్‌లైన్లో తెప్పించాం. తళతళలాడుతూ వచ్చింది. సాంబశివరావు గారు దాన్ని చూసి, గోళ్ళరంగు చెరిపే మందు దూదికి రాసి తుడిచారు. నంబరు మొత్తం దూదికి వచ్చేసింది! అడుగున ఇంకేదో నంబరు. పనికిరాని చిప్‌కి నల్లరంగు పూసి, కావలసిన నంబరు అచ్చువేసి అమ్ముతారట. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత మోసం ఉండదండీ!

ఆ కడుపుమంటలోనే స్వామికి మొక్కుకున్నాను. "నాయనా, ఒక్క అసలైన చిప్ దొరికితే చాలు, నీకు వెండి పడగ వేస్తాను."

నిన్న పొద్దున సాంబశివరావు గారి ఫోను. "అమ్మా, దొరికింది. పెదపారుపూడి వైపు రైసుమిల్లు ఆఫీసులో చచ్చిపోయిన కంప్యూటర్ తెచ్చాను. అందులోది. పరీక్షించి చూశాను, బ్రహ్మాండంగా ఉంది. రండి."

సుశీలను వెంటబెట్టుకుని గుడివాడ వెళ్ళాను. దారిలో వెండి కొట్లో పడగ కూడా కొన్నాను, వేలెడంత. సాంబశివరావు గారు చిప్‌ని అల్యూమినియం రేకులో చుట్టారు. వంటింట్లో వాడతామే, ఆ రేకే. ప్లాస్టిక్‌లో పెడితే కంటికి కనబడని కరెంటు పుట్టి చిప్ చస్తుందట. రేకు ఇంకాస్త మిగిలితే నాకో తెలివైన ఆలోచన వచ్చింది.

"ఈ పడగకి కూడా చుట్టండి, నల్లబడకుండా ఉంటుంది."

ఆయన చుట్టారు. అదే పొడుగు, అదే లావు. కవలపిల్లలే! అప్పుడైనా నాకు బుద్ధి ఉండొద్దూ? ఏం, బుద్ధి లేకేం. చిప్ బ్యాగులో కుడి అరలో, పడగ ఎడమ అరలో పెట్టాను. రెండుసార్లు తడిమి చూసుకున్నాను కూడా.

కార్డు ఇంట్లోనే ఉంది, చిప్ నేనే గుచ్చుకోవాలి. బయల్దేరబోతుంటే సాంబశివరావు గారు, "అమ్మా, ముఖ్యమైన సంగతి. చిప్‌కి ఒక చివర చిన్న గుంట ఉంటుంది. అది ఎడమవైపుకే రావాలి. తిరగేసి పెట్టారంటే ఆ క్షణమే కాలిపోతుంది. మళ్ళీ నేను తేలేను" అన్నారు.

ఇక చూడండి నా భయం! మర్చిపోతే? ఆయనకు ఫోన్ చేసి అడగొచ్చు అన్న ఆలోచనే రాలేదు. గుంట ఎడమవైపు, గుంట ఎడమవైపు అనుకుంటూ బస్సెక్కాను.

"ముందు ఇంటికెళ్ళి పెట్టుకుని, ఆదివారం మోపిదేవి వెళ్దామే" అన్నాను సుశీలతో.

"మొక్కు తీర్చకుండా పెడితే పనిచేస్తుందా? ఆయన నాగస్వామి వదినగారూ, ఆయనతో ఆటలా?"

ఇది రాసి పెట్టుకోండి. ఆ సలహా ఎవరిదో మర్చిపోకండి.

పామర్రులో మారాం, చల్లపల్లిలో మారాం. ఆడవాళ్ళకు బస్సు ఫ్రీయే కదా, ఎక్కినప్పుడల్లా కండక్టర్‌కి ఆధార్ కార్డు చూపించాలి. ఆ కార్డేమో ఎప్పుడూ బ్యాగు అడుగునే ఉంటుంది. అరల్లో ఉన్నవన్నీ ఒళ్ళో పోసుకోవడం, కార్డు చూపించడం, మళ్ళీ సర్దుకోవడం. నోట్లో మాత్రం గుంట ఎడమవైపు.

గుడి దగ్గర రద్దీ. క్యూలో అందరూ స్వామి నామం చెప్పుకుంటున్నారు, నేను నా నామం చెప్పుకుంటున్నాను. నా ముందున్న ఆవిడ వెనక్కి తిరిగి, "అది ఏ స్తోత్రమండీ?" అని కూడా అడిగింది. దర్శనమైంది. "కదలండమ్మా, కదలండి" అంటున్నారు. హుండీ వచ్చింది. ఎడమ అరలో చెయ్యి పెట్టాను, రేకు పొట్లం తీశాను, కళ్ళకద్దుకున్నాను, వేసేశాను.

టిక్ మంది.

"అదేంటి వదినగారూ, వెండి అలా మోగింది?" అంది సుశీల.

"మేలిమి వెండి అలాగే మోగుతుంది" అన్నాను. ఎక్కడ చదివానో మరి!

బయటికొచ్చి అరుగు మీద కూర్చుని పులిహోర తిన్నాం. చెయ్యి కడుక్కుని, గుంట ఎలా ఉందో ఒక్కసారి చూసుకుందామని కుడి అరలో పొట్లం విప్పాను. పడగ విప్పుకుని స్వామి నావైపు చూస్తున్నాడు!

నేను పెట్టిన కేకకి ప్రసాదం పట్టుకెళ్తున్న నలుగురైదుగురు ఆగిపోయారు. "పామా? ఎక్కడ?" అన్నారెవరో. పామేనండీ, కానీ నా కేక పాము ఉన్నందుకు కాదు, చిప్ లేనందుకు!

ఆఫీసులోకి పరిగెత్తాం. బల్ల వెనకాల గుమస్తాగారు, మర్యాదస్తుడే. "ఏం పడేసుకున్నారమ్మా?" అన్నారు.

"నల్లగా, పొడుగ్గా ఉంటుంది. ఈ పక్క ఇరవై కాళ్ళు, ఆ పక్క ఇరవై కాళ్ళు."

ఆయన కుర్చీ వెనక్కి జరిగింది. "జెర్రిని వేశారా హుండీలో?"

"జెర్రి కాదండీ! కంప్యూటర్ చిప్. దొరక్క దొరక్క దొరికింది."

"అమ్మా, హుండీలో పడ్డది స్వామిదేనండి. మా చేతుల్లో లేదు."

"స్వామికెందుకండీ అది? ఆయన దగ్గర కంప్యూటర్ ఉందా?"

"ఉందమ్మా. టికెట్లన్నీ దాంట్లోనే ఇస్తున్నాం."

"దాంట్లో ఇది పట్టదు!"

ఆయనకు నవ్వొచ్చింది, ఆపుకున్నారు. హుండీ ఇప్పుడే తెరవరనీ, లెక్కింపు రోజున పెద్దవాళ్ళ ముందు తెరిచినప్పుడు చెప్పి చూస్తాననీ, ఇస్తారో లేదో తనకు తెలియదనీ అన్నారు. తర్వాత నా చేతిలో పడగ చూశారు. "ఎలాగూ వచ్చారు కదా, అది కూడా వేసి వెళ్ళండి. మొక్కు కదా."

ఏమిటీ! నా చిప్ తీసుకున్నది చాలక!

"వెయ్యను" అన్నాను. "చిప్ దొరికితే పడగ వేస్తానన్నాను. ఏదీ చిప్? నా వస్తువు నాకు ఇమ్మనండి, ఆయన వస్తువు ఆయనకిస్తాను."

సుశీల గబగబా లెంపలు వేసుకుంది. తనవి అయ్యాక నా లెంపలు కూడా వేయబోయింది. "స్వామితో తగువేంటి వదినగారూ! పొరపాటు చేసింది మీరు!"

అదీ నా కోపం. ఎవరి మీద చూపించను? స్వామి అడగలేదు. గుమస్తాగారు లాక్కోలేదు. రేకు చుట్టమన్నది నేనే. ఎడమవైపు, ఎడమవైపు అనుకుంటూ బస్సులో చిప్‌ని ఎడమ అరలో సర్దుకున్నదీ నేనే. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. దారి పొడుగునా చేలు పచ్చగా ఉన్నాయి. ఆ పచ్చదనం చూస్తే మూడో చరణం వస్తుందేమోనని చూశాను. రాలేదు.

"సుశీలా," అన్నాను, "ఇది మామూలు పొరపాటేనా? లేక అదేనంటావా? మా మేనత్తకి వచ్చినట్టు, మెల్లగా అన్నీ..."

సుశీల నావైపు తిరిగింది. "గుంట ఏ వైపు పెట్టాలి?" అంది.

"ఎడమవైపు."

"చూశారా! చిప్ లేకపోయినా గుంట గుర్తుంది. మతిమరుపు వాళ్ళకి ఇంత మొండితనం ఉండదు."

ఓదార్పో వెటకారమో తెలియలేదు గానీ కాస్త ఊపిరాడింది.

ఇంటికి చేరేసరికి సాంబశివరావు గారి ఫోను. "పెట్టారా అమ్మా? తెలుగు కనబడిందా?"

అబద్ధం చెప్దామనుకున్నాను. రాలేదు. "హుండీలో వేశానండీ" అన్నాను.

అవతల ఆయన ఫోనుకు దూరంగా వెళ్ళి నవ్వి మళ్ళీ వచ్చిన చప్పుడు. "అమ్మా, బాధపడకండి. అవనిగడ్డలో మూసేసిన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఒకటుంది. వాళ్ళ అటక మీద ఇలాంటి కార్డే ఉందని విన్నాను. ఎల్లుండి వెళ్ళి చూస్తాను. ఉంటుందని మాట ఇవ్వలేను."

అటక మీద! అవనిగడ్డలో! ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కుంది, నా రెండు చేతులూ వాటంతట అవే లేచి జోడయ్యాయి. గుడిలో అంత తగువు పెట్టుకున్నదాన్ని, గుమస్తాగారి ముందు అంత మాట అన్నదాన్ని. నోట్లోంచి ఏం వచ్చిందో తెలుసా?

"స్వామీ, అది దొరికితే ఈసారి రెండు పడగలు వేస్తాను!"

గుమ్మంలో నిలబడి వింటున్న సుశీల తలుపు పట్టుకుని నవ్వుతోంది. "వేద్దురు గానీ వదినగారూ. పొట్లాలు మాత్రం నేను కడతాను."