అంకుల్ వినిపించిన టీవీ సాయంత్రం

మొన్న మధ్యాహ్నం వేర్‌హౌస్‌లో బ్రేక్‌లో ఉండగా మా ఇంటి ఓనర్ అంకుల్ కూతురి నుంచి మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషులో ఒకటే వాక్యం: నాన్న ఈ ఉదయం హాస్పిటల్లో పోయారు. అన్నం డబ్బా మూత పెట్టేసి కూర్చున్నాను. ఏమైందని పక్కవాళ్లు అడిగితే "మా ఓనర్ పోయిండ్రు" అన్నాను. ఆ మాట నాకే నచ్చలేదు. ఓనరేమిటి, నా మొహం!

కెనడాలోని హామిల్టన్‌లో ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో నేనూ రమ్యా అద్దెకుండేవాళ్లం. నాది కరీంనగర్, తనది నిజామాబాద్. ఆయనది కాకినాడ. ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరుగా చేసి రిటైరయ్యారు. ఇక్కడికి రాకముందు ఇంగ్లండ్‌లో పనిచేశారు. ఆంటీ పోయాక పైన ఒక్కరే ఉండేవారు. కాలేజీ, షిఫ్టులు, బస్సులతో మాకు ఊపిరాడేది కాదు. కాస్త తీరిక దొరికితే ఎవరి ఇయర్‌ఫోన్స్ వాళ్లం పెట్టుకుని పడుండేవాళ్లం.

అది ఆయనకు గిట్టేది కాదు. శనివారం సాయంత్రాలు మమ్మల్ని పైకి పిలిచి, ఉప్మా పెట్టి, ఫోన్లు లాక్కుని, "ఇప్పుడు వార్తలు" అని ప్రకటించేవారు. వార్తలంటే మా వారం కబుర్లు. తర్వాత తోటపని, అంటే తన టమాటా మొక్కల మీద ఉపన్యాసం. సంగీతం రమ్య పాట. నాటకం నా వంతు, మా సూపర్‌వైజర్ని అచ్చం దించేసేదాన్ని. మొదట్లో నాకు ఒళ్లు మండేది.

"అంకుల్, పొద్దుగాల్నే షిఫ్టున్నది. ఈ గార్డెనింగ్ స్కిప్ చేద్దాం" అన్నాను ఒకసారి.

"స్కిప్పుల్లేవమ్మా. ఆ రోజుల్లో ఏది వస్తే అది చూడ్డమే" అన్నారు.

ఆ రోజులంటే డెబ్బైల్లో ఇంగ్లండ్‌లో ఆయనున్న హాస్పిటల్ హాస్టల్. అందరికీ ఒకటే టీవీ, అందులో ప్రభుత్వ ఛానల్. ఒకానొక సాయంత్రం దాంట్లో వరసగా వచ్చినవన్నీ ఆయనకు కంఠతా వచ్చు. పిల్లల బొమ్మలాట, వార్తలు, బంగాళాదుంపల సాగు, వయొలిన్ కచేరీ, గోడ కోసం పోట్లాడుకునే ఇద్దరు ముసలమ్మల నాటకం, చివర్న వాతావరణం. ఆ ఒక్క సాయంత్రమే ఎందుకంత గుర్తో మేం అడగలేదు. ముసలాయన చాదస్తం అనుకున్నాం.

ఏడాది కిందటి చలికాలంలో రమ్య వర్క్ పర్మిట్ రిఫ్యూజ్ అయింది. తను చదివిన కోర్సుకు అసలు పర్మిటే రాదట. "ఇంటికి ఏ మొహం పెట్టుకొని పోవాలె అక్కా? నేను లేకుంటెనే మంచిగుంటది" అంది. గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. తిండి లేదు, మాట లేదు. ఆదివారం మధ్యాహ్నం తలుపు బాదినా పలకలేదు. పైకి పరుగెత్తాను.

అంకుల్ మోకాళ్లు పట్టేసినా గోడ ఆసరాతో దిగి వచ్చారు. ఆయన పిలిస్తే లోపల్నుంచి "పోండి అంకుల్" అని వినిపించింది. "లోపల్నుంచి మాట ఆగిపోతే వెంటనే అంబులెన్స్‌కి 911 కొట్టు" అని నాతో మెల్లగా చెప్పి, ఆ తలుపుకెదురుగా కింది మెట్టు మీద కూలబడ్డారు.

"ఇప్పుడు బొమ్మలాట" అన్నారు. డెబ్బై దాటిన మనిషి కుక్కపిల్లలా, బాతులా గొంతు మార్చి మాట్లాడారు. "తర్వాత వార్తలున్నాయి. ఉంటావా తల్లీ?" చాలాసేపటికి "ఊఁ" అంది. వార్తలయ్యాయి. దుంపలయ్యాయి. వయొలిన్ నోటితోనే వాయించారు. ప్రతిదాని చివరా అదే ప్రశ్న, జవాబు వచ్చేదాకా ఆగడం. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

నాటకం ముందు ఆగారు. "ఆ సాయంత్రం నేను పరీక్ష రెండోసారి తప్పానమ్మా. ఇంక బతక్కూడదనుకున్నా. గదిలో ఒక్కణ్ణీ ఉండాలంటే భయమేసి టీవీ ముందు కూర్చున్నా. అందులో ఏదీ నాకోసం తీసింది కాదు. బంగాళాదుంపలతో నాకేం పని? కానీ ఒకటయ్యాక ఇంకోటి వస్తుందని టీవీలో చెప్పేవారు. సరే, ఇదొక్కటీ చూసి పోదాం, ఇదొక్కటీ చూసి పోదాం అనుకుంటూ ఉండిపోయా. పొద్దున్నే డ్యూటీకెళ్లా."

నాటకం అయింది. వాతావరణమూ అయింది. ఈసారి రమ్యే అడిగింది.

"తర్వాత ఏంది అంకుల్?"

"ఏమీ లేదు తల్లీ. ఆ రోజుకి అక్కడితో ఆపేశారు. నా దగ్గర ఇంతే ఉంది." ఆయన గోడ పట్టుకుని లేవబోయారు. "నాకు భయంగా ఉందమ్మా. పైగా ఈ మెట్టు మీంచి లేవలేకపోతున్నా."

గడియ తీసిన చప్పుడైంది.

రమ్య ఇప్పుడు నిజామాబాద్‌లో ఒక స్కూల్లో పనిచేస్తోంది. నిన్న ఫోన్లో చెప్పగానే బోరుమంది. నేనూ ఏడ్చాను. ఆయన్ని తలుచుకుంటే నాకు ఆ ఇరుకు మెట్లే కళ్లముందుకొస్తాయి. రేగిన జుట్టుతో, వాచిన కళ్లతో రమ్య ముందుకు వంగి, "జర నా భుజం పట్టుకోండ్రి" అంటోంది. ఆయన బరువు తన మీద వేసుకుని, "మెల్లగ అంకుల్, మెల్లగ" అంటూ, ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంటూ, ఇద్దరూ పైకెక్కుతున్నారు.