నాజిల్ ఊదిన మావయ్య

మొవ్వ దగ్గర మా మావయ్య వరి పండించేవాడు. తొంభైల చివర్లో ఒక ఏడు పైరుకు దోమ పట్టింది. డిగ్రీ అయిపోయి నేను అప్పుడు వాళ్ళింట్లోనే ఉంటున్నాను. మావయ్య వీపుకు స్ప్రేయర్ తగిలించుకుని మందు కొడుతుంటే మధ్యలో ధార ఆగిపోయింది. గొట్టం చివర మందును తుంపరగా చిమ్మే చిన్న మూతి ఉంటుంది. దాన్నే నాజిల్ అంటారు. అందులో నలుసు అడ్డం పడింది. మావయ్య దాన్ని విప్పి, నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు. నలుసు పోయింది. మిగతా చేను కూడా కొట్టి ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని వాంతి చేసుకున్నాడు.

ఒళ్ళంతా చెమటలు, నోట్లోంచి చొంగ. ఆటోలో గుడివాడ తీసుకెళ్ళాం.

"ఏం తాగాడు?" అన్నాడు డాక్టరు.

"ఏం తాగలేదండీ. నాజిల్ ఊదారు," అంది అత్తయ్య.

"ముందు అందరూ అలాగే చెప్తారమ్మా," అని ఆయన ఇంజెక్షన్ చేయించాడు.

మర్నాటికి మావయ్య లేచి కూర్చున్నాడు. ఈలోపు పురుగుల మందు తాగాడని చుట్టాలందరికీ కబురు వెళ్ళింది. నాజిల్ సంగతి వెళ్ళలేదు. తోట్లవల్లూరు నుంచి ఆయన పిన్ని, అంటే మా చిన్నమ్మమ్మ, బత్తాయిలు పట్టుకుని ఆసుపత్రికి వచ్చింది.

"నీకేం కష్టమొచ్చిందిరా?"

"నాజిల్‌కి నలుసు అడ్డం పడింది పిన్నీ."

"నాజిలంటే ఎవర్రా?"

మావయ్య చెప్పాడు. ఆవిడ అంతా విని, అత్తయ్య వైపు తిరిగి, "కాస్త సర్దుకుపోవాలమ్మా," అంది.

ఆ మధ్యాహ్నం అత్తయ్య నన్ను ఇంటికి పంపి నాజిల్ తెప్పించింది. వచ్చినవాళ్ళందరికీ చూపించింది. "ఈ బెజ్జం చూడండి. దీన్ని ఊదారు." వాళ్ళు దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, తిరిగిచ్చేసి, "ఇంట్లో అంతా బాగానే ఉంటున్నారా?" అని గొంతు తగ్గించి అడిగేవారు.

సాయంత్రం వరండాలో అత్తయ్య ఏడ్చింది. "ఆయన్ని పల్లెత్తు మాట అనలేదురా. పోయుంటే జనం నన్నేమనేవాళ్ళు?"

ఆ మాట మావయ్య విన్నాడు. అప్పట్నుంచి ఎవరొచ్చినా ఆయనే ముందు మొదలుపెట్టేవాడు. "బుద్ధి గడ్డి తిని నేనే చేశానండీ. మా ఆవిడ తప్పేం లేదు." దాంతో ఎవరికైనా కాస్త అనుమానం మిగిలి ఉంటే అదీ తీరిపోయింది.

మరుసటి ఏడు ఒక పెళ్ళి భోజనాల్లో చిన్నమ్మమ్మ అత్తయ్యను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇప్పుడు వాణ్ణి బాగా చూసుకుంటున్నావా?"

"చూసుకుంటున్నానండీ," అంది అత్తయ్య, సాంబారు వడ్డించేవాడికి విస్తరి చూపిస్తూ.