బతికున్న తండ్రికి కాలమ్ లేదు

అరవైల చివర్లో నేను పి.యు.సి. పాసయ్యాను. విజయనగరంలో డిగ్రీ చదవాలంటే స్కాలర్‌షిప్పు రావాలి. దరఖాస్తులో తండ్రి సంతకానికి చోటుంది. తండ్రి లేకపోతే సంరక్షకుల సంతకానికి చోటుంది. మా నాన్న ఉన్నాడు. ఆమదాలవలస దగ్గర పొలం చేసుకుంటూ, రెండో భార్యతో నిక్షేపంగా ఉన్నాడు. నాకు ఐదేళ్లప్పుడు అమ్మ పోయింది. అప్పటినుంచీ నెల్లిమర్ల దగ్గర అమ్మమ్మ ఇంట్లోనే పెరిగాను.

తాలూకా ఆఫీసులో గుమాస్తా నా కాగితాన్ని చేత్తో తీసుకోలేదు. పెన్సిలు కొసతో వెనక్కి నెట్టాడు.

“తండ్రి సంతకమేదీ?”

“ఆయన నన్ను చూడరండి.”

“చచ్చిపోయాడా?”

“లేదండి.”

“చచ్చిపోతే కాలమ్ ఉంది. బతికుండి పెట్టనోడికి లేదు.”

నా వెనక నిలబడ్డవాళ్లు ముగ్గురు నవ్వారు. వాళ్లలో ఒకడు మా ఊరివాడే.

సంతకం కోసం రైలెక్కి ఆమదాలవలసలో దిగి, అక్కణ్ణుంచి నడిచి నాన్న ఊరు వెళ్లాను. నాన్న అరుగు మీద ఉన్నాడు. కూర్చోమనలేదు.

“ఎవులు రమ్మన్నారు నిన్ను?”

విషయం చెప్పాను.

“సంతకం ఎట్టినానంటే రేపు పీజు కూడా నన్నే కట్టమంతారు. నానెట్టను.”

లోపలినుంచి ఆయన భార్య “ఎవులది?” అని కేకేసింది.

“ఎవులూ కాదు” అన్నాడు నాన్న.

ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచిపోవాలని ప్రయత్నించనూ లేదు.

మళ్లీ తాలూకా ఆఫీసుకే పోయాను. నాలుగు రోజులు వరుసగా వెళ్లి, ఆఫీసు తెరిచినప్పటినుంచీ మూసేదాకా వరండాలో బల్ల మీద కూర్చున్నాను. ఐదో రోజు గుమాస్తా విసుగెత్తి, రెవెన్యూ ఇన్‌స్పెక్టరును విచారణకి పంపిస్తానన్నాడు. తండ్రి పోషించడం లేదని ఆయన రాస్తే చాలు, అమ్మమ్మ వేలిముద్ర సరిపోతుంది.

ఉన్నదున్నట్టు చెప్పమని అమ్మమ్మకి రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ తలూపింది.

ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలియగానే పక్కింటినుంచి సన్నబియ్యం చేబదులు తెచ్చింది. గుడ్లు పెడుతున్న ఒక్క కోడినీ కోయించింది. మేము రోజూ తాగే చోడి అంబలి కుండ మీద గంప బోర్లించింది. మంచం మీద పరిచిన దుప్పటి కూడా మాది కాదు.

ఇన్‌స్పెక్టరు పీట మీద కూర్చుని తృప్తిగా తిన్నాడు. తింటూనే అడిగాడు.

“పిల్లని ఎవరు చదివిస్తున్నారు మామ్మా? తండ్రేమైనా పంపుతాడా?”

అమ్మమ్మ విసనకర్ర ఆపలేదు.

“దానికేటి లోటు బాబూ! మా అల్లుడు బంగారం. పంట నూర్చగానే బండికి బస్తాలేసి పంపిస్తాడు. ఇంకొంచెం కూరెయ్యనా?”

నేను తలుపు వెనక ఉన్నాను. భోంచేస్తున్న మనిషి ముందుకొచ్చి మా అమ్మమ్మ అబద్ధం చెబుతోందని అనడానికి నాకు నోరు రాలేదు. ఆయన చెయ్యి కడుక్కుని, కాగితం మీద రెండు వరుసలు రాసుకుని, అమ్మమ్మకి దండం పెట్టి వెళ్లిపోయాడు.

“ఎందుకలా చెప్పావు?” అని అరిచాను.

“ఇంటికొచ్చి కూడు తింతన్నోడికి, మా అల్లుడు పిల్లకి కూడెట్టడని సెప్పుకోమంతావేటే? మీ యమ్మ పరువేటవుతాది?”

“అమ్మే లేదు. ఇంక పరువెవరికి?”

ఎవరెవరు నన్ను ఏమన్నారో అన్నీ గుర్తున్నాయి. ఇది నేను అన్నది. ఇదీ గుర్తుంది. అమ్మమ్మ గిన్నెలో మిగిలిన కూర నా ముందు పెట్టి, పెరట్లోకి వెళ్లింది. తను తినలేదు.

మర్నాడు నేను లేచేసరికి ఉతికిన చీర కట్టుకుని గడప మీద కూర్చుని ఉంది.

“పద” అంది.

గుమాస్తా మమ్మల్ని చూస్తూనే అందుకున్నాడు. “మళ్లీ ఏంటి? బస్తాలొస్తాయని మీ ముసలమ్మే చెప్పిందట కదా!”

అమ్మమ్మ ఆయన బల్ల అంచు పట్టుకుంది. ఆఫీసంతా వినిపించేలా చెప్పింది.

“రావు బాబూ. పన్నెండేళ్లయినాది. ఒక్క గింజ రానేదు. ఒక్క గుడ్డ రానేదు. పిల్ల ఎలగున్నాదని కబురైనా రానేదు.”

“అయితే ఇన్‌స్పెక్టరుగారికి అబద్ధం చెప్పావా?”

“మా ఇంటికొచ్చిన సుట్టానికి అలగ సెప్పినాను. ఇప్పుడు ఆపీసుకి సెప్తన్నాను. రాసుకో.”

ఈసారి వెనకవాళ్లెవరూ నవ్వలేదు. పక్క గదిలోంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మా ఇద్దరి మొహాలూ చూడకుండా తను రాసిన రెండు వరుసలూ కొట్టేసి, కింద కొత్తగా రాశాడు. “వేలిముద్ర ఇక్కడ వెయ్యి మామ్మా” అని చోటు చూపించాడు.

ఆ కాగితంతోనే నాకు స్కాలర్‌షిప్పు వచ్చింది. మూడేళ్లూ వచ్చింది.

ఆ రోజు బస్సు కోసం నడుస్తుంటే అమ్మమ్మ అడిగింది.

“ఒలే, మీ నాన్నకి తెలుస్తాదేటే?”

“తెలియనీ.”

“నలుగుర్లో తలకొట్టేసినట్టవుతాది, పాపం.”

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరికి పాపం? ఆ పాపం అన్న మాటని నేను ఇప్పటికీ ఒప్పుకోను. విసురుగా ముందుకి నడిచాను. కొంతదూరం పోయాక వెనక అడుగుల చప్పుడు వినిపించకపోతే తిరిగి చూశాను. అమ్మమ్మ రోడ్డు పక్క ఎండలో ఆగిపోయి ఉంది. వెనక్కి వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. వణుకుతోంది. ఆఫీసులో బల్ల పట్టుకున్నప్పటినుంచీ వణుకుతూనే ఉందేమో. నేనే చూడలేదు.